ఐదో గడి



నర్సింగ్ చదివినవాళ్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, కేర్‌ప్లాన్ అన్న మాట చెవిన పడగానే వాళ్ల చేతివేళ్లు నొప్పెడతాయి. పొడుగు నోటు పుస్తకంలో స్కేలు పెట్టి గడులు కట్టి, ఒక్కో రోగి గురించి రాసే రాత అది. మొదటి గడిలో రోగిలో ఏం గమనించామో రాయాలి. రెండో గడిలో ఆయన ఇబ్బంది, మూడో గడిలో మనం సాధించాల్సింది, నాలుగో గడిలో చెయ్యబోయే పని. ఐదో గడి పేరు రేషనేల్. అంటే ఆ పని ఎందుకు చేస్తున్నామో చెప్పాలి. ఆరోదాంట్లో, చేశాక ఏమైందో.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సింగ్ ట్యూటర్‌గా పనిచేశాను. వేల కేర్‌ప్లాన్లు దిద్దాను. పిల్లలు అన్ని గడులూ నింపాక ఆఖర్న నింపేది ఆ ఐదో గడే. అదీ పక్కమ్మాయి పుస్తకంలోంచి. నిజం చెప్పాలంటే నేను కూడా తక్కువగా చదివింది దాన్నే. ఎర్ర ఇంకుతో టిక్కు పెట్టి పేజీ తిప్పేసేదాన్ని.

ఆసుపత్రి నర్సుకి ఆధారాలను బట్టి పనిచేసే తెలివి, నేర్పు ఎక్కణ్ణించి వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఇవాళ నేను మాట్లాడబోయే విషయం. ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అని ఇప్పుడు ప్రతి నర్సింగ్ కాలేజీలోనూ వినిపిస్తున్న మాట ఇదే. నా మటుకు నాకు అది ఆ ఐదో గడి సంగతి.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకుంటాను.

చాలా ఏళ్ల కిందటి మాట. మగవాళ్ల మెడికల్ వార్డు, పొద్దుటి డ్యూటీ. పక్షవాతంతో మంచానపడ్డ ఒక పెద్దాయనకి బ్యాక్ కేర్ ఎలా ఇవ్వాలో పిల్లలకి చూపిస్తున్నాను. రోగిని పక్కకి తిప్పి, వీపూ నడుమూ వేడినీళ్ల గుడ్డతో తుడిచి, సర్జికల్ స్పిరిట్ అరచేతిలో పోసుకుని, ఎముకలు పొడుచుకొచ్చే చోట గట్టిగా రుద్ది, పైన పౌడరు చల్లడం. రుద్దినచోట ఎర్రబడితే రక్తం బాగా ఆడుతోందని మాకో సంతోషం. మా ట్యూటరు మాకు అలాగే నేర్పారు, ఆవిడకి వాళ్ల మేట్రన్ అలాగే నేర్పారు.

రెండో సంవత్సరం పిల్ల ఒకతె అడిగింది. "మేడమ్, స్పిరిట్ తగిలితే నా చేతులే పొడిబారి పగులుతున్నాయి. తాతగారి తోలు ఇంకా పల్చన కదా. ఇలా రుద్దితే పుండు పడదని ఎవరైనా చూశారా మేడమ్?"

నేనేమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "ప్రొసీజర్ బుక్‌లో ఉంది. ముందు చెయ్యి, తర్వాత మాట్లాడుదువుగాని" అన్నాను. మిగతా పిల్లలు నవ్వారు. ఆ పిల్ల తలొంచుకుని రుద్దింది. ఆ తర్వాత నా క్లాసులో మళ్లీ ఏదీ అడగలేదు.

తద్దినంనాటి పిల్లి కథ మన ఇళ్లల్లో తెలియనివాళ్లు తక్కువ. తండ్రి తద్దినం పెడుతుంటే పెంపుడు పిల్లి పాలగిన్నెల మధ్య తిరుగుతోందని గంప కింద మూసేవాడు. తండ్రి పోయాడు, పిల్లీ పోయింది. కొడుకు తద్దినం పెట్టాల్సొచ్చినప్పుడు ఊరంతా గాలించి ఎవరిదో పిల్లిని పట్టుకొచ్చి గంప కింద మూశాడు. ఆ గంప కింద ఏముందో ఆ రోజు నేను చూసుకోలేదు. నా చేతిలో స్పిరిట్ సీసా ఉంది.

ఆ పిల్ల ప్రశ్నకి జవాబు అప్పటికే ఉంది. అదే నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకునేది. డోరీన్ నార్టన్ అని ఇంగ్లండులో ఒక నర్సు. ఇద్దరు సహచరులతో కలిసి ఆసుపత్రుల్లో వృద్ధ రోగుల సంరక్షణ మీద పరిశోధన చేసి 1962లో పుస్తకంగా వేశారు. అప్పట్లో అక్కడ కూడా స్పిరిట్లూ, సబ్బు నురగలూ, రకరకాల లేపనాలూ రుద్దేవారు. మంచం పుండుని ఆపేది పైన రాసేది ఏదీ కాదనీ, ఒకేచోట పడే ఒత్తిడిని తప్పించడమేననీ, అంటే రోగిని వేళకి తిప్పడమేననీ ఆవిడ పని తేల్చింది. ఎవరికి పుండ్లు పడే ప్రమాదం ఎక్కువో లెక్కగట్టడానికి ఆవిడే ఒక కొలమానం తయారుచేశారు. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అని ఐదు అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు, మొత్తం 20. 14 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జాగ్రత్తపడాలి. నార్టన్ స్కేల్ అని మా పిల్లలకి పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. నేనే చెప్పేదాన్ని, నేనే దిద్దేదాన్ని. నార్టన్ పేరు క్లాసులో, స్పిరిట్ సీసా వార్డులో. రెంటి మధ్య వరండా దాటడమే, నాలుగడుగులు. ఆ నాలుగడుగులు దాటడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చర్మంలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కండ లోలోపలే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. వేలితో నొక్కి వదిలినా పాలిపోని ఎరుపు కనిపించిందంటే లోపల దెబ్బ తగిలినట్టే. ఆ ఎరుపు మీదే మేం గట్టిగా రుద్దేవాళ్లం. మరి రుద్దుడు వల్ల మేలు జరిగిందని అన్నేళ్లు అంతమంది ఎలా నమ్మారు? నాకొక అనుమానం. రుద్దాలంటే ముందు రోగిని పక్కకి తిప్పాలి కదా. ఆ పది నిమిషాలు నడుము మీద బరువు ఉండదు. మేలు చేసింది తిప్పడం, పేరు స్పిరిట్‌కి వచ్చింది.

ఇలాంటివి వార్డు నిండా ఉన్నాయి. రైల్స్ ట్యూబ్ సంగతే తీసుకోండి. మింగలేని రోగికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేస్తాం. అది కడుపులోకే వెళ్లిందా, దారితప్పి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందా అని తేల్చుకోకుండా పాలు పోస్తే ప్రాణం మీదికొస్తుంది. మాకు నేర్పిన పద్ధతి సిరంజితో గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి బుడబుడమని వినడం. లేదా గొట్టం చివర నీళ్ల గిన్నెలో ముంచి బుడగలు వస్తున్నాయా అని చూడడం. గొట్టం ఊపిరితిత్తిలోనో అన్నవాహికలోనో ఉన్నా ఆ చప్పుడు పొట్ట మీద వినపడవచ్చు. 2005లో బ్రిటన్‌లో రోగుల భద్రత చూసే జాతీయ సంస్థ ఈ గాలి పరీక్షని నమ్మవద్దని హెచ్చరిక పంపింది. గొట్టంలోంచి లాగిన ద్రవాన్ని పి.హెచ్. కాగితం మీద వేసి పులుపు చూడండి, 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే కడుపే, సందేహమైతే ఎక్స్‌రే తియ్యండి అంది. మన వార్డుల్లో సిస్టర్లకి ఈ సంగతి తెలియదంటారా? చాలామందికి తెలుసు. కానీ పి.హెచ్. కాగితం కావాలంటే ఇండెంట్ రాయాలి. ఇండెంట్ మీద ఇన్‌ఛార్జి సిస్టర్ సంతకం, స్టోర్సులో ఫార్మసిస్టు దయ. కాగితం వచ్చేలోపు పక్క మంచం మీద ఇంకో ట్యూబు. స్టెత్ మటుకు మెళ్లోనే ఉంటుంది.

మాలాంటి ట్యూటర్లు ఈ సందర్భంలో సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. "నర్సులకి నాలెడ్జ్ లేదండీ, ట్రైనింగ్ ఇవ్వాలి." నేనూ కొన్ని మీటింగుల్లో ఇదే అన్నాను. ఇప్పుడైతే అంత తేలిగ్గా అనను.

సరే, చదువు సంగతే ముందు చూద్దాం. జి.ఎన్.ఎం., అంటే నర్సింగ్ డిప్లొమా పిల్లలకి చివరి ఏడాదిలో పరిశోధన, గణాంకాలు పరిచయం చేస్తారు. బి.ఎస్సీ. పిల్లలు గుంపులుగా ఒక ప్రాజెక్టు చేస్తారు. ఎం.ఎస్సీ. అయితే థీసిస్ రాయాలి. మన దేశంలో నర్సింగ్ థీసిస్ ఒకదాని శీర్షిక వినగానే మిగతావాటికీ మీరే పెట్టగలరు. ఫలానా విషయం మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఇస్తే ఫలానా వాళ్ల నాలెడ్జ్ పెరిగిందా అని. ముందు ఒక ప్రశ్నపత్రం, తర్వాత చార్టులు చూపించి అరగంట పాఠం, వారానికి అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి. పెరగక ఏమవుతాయి? నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో బైండు చేయించి లైబ్రరీ బీరువాలో పెడతాం. బీరువాకి తాళం. ఆ మార్కులు పెరిగినవాళ్లు మర్నాడు వార్డులో చేసే పనిలో ఏమైనా తేడా వచ్చిందా అని వెళ్లి చూసిన థీసిస్ నా చేతుల మీదుగా ఒక్కటీ వెళ్లలేదు. నాది కూడా అదే బీరువాలో ఉంది.

ఇంకొకటి, భాష. పదో తరగతి దాకానో ఇంటర్ దాకానో తెలుగులో చదివిన పిల్ల నర్సింగులో చేరగానే అనాటమీ నుంచి అంతా ఇంగ్లీషే. రోగితో మాట్లాడేది తెలుగు, రాసేది ఇంగ్లీషు. ఆ పిల్ల అర్థం చేసుకుని రాయడం కన్నా కంఠస్థం చేసి రాయడమే క్షేమం అనుకుంటుంది. పరిశోధన వ్యాసం అంటే ఇంగ్లీషు, అందులో అంకెల ఇంగ్లీషు. 2007లో భారత వైద్య పరిశోధన మండలి డబ్బు కట్టి, కొక్రేన్ లైబ్రరీని మన దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా ఉచితంగా చదువుకునేలా చేసింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి, జల్లెడపట్టి, ఏ వైద్యం పనిచేస్తుంది, ఏది చెయ్యదు అని సారం చెప్పే భాండాగారం అది. ఆర్చీ కొక్రేన్ అనే బ్రిటిష్ వైద్యుడి పేరు మీద 1993లో మొదలైన సంస్థ దాన్ని నడుపుతోంది. తలుపు బార్లా తెరిచారు. ఆ తలుపుందని మా కాలేజీలో నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు అయింది. వార్డులో కంప్యూటర్ ఉన్నా అది బిల్లింగ్ క్లర్కు దగ్గర ఉండేది.

1991లో అమెరికాలో శాండ్రా ఫంక్, ఆమె సహచరులు నర్సుల్నే అడిగారు. పరిశోధన ఫలితాలు మీ పనిలోకి రాకుండా అడ్డుపడుతున్నది ఏమిటి అని. అన్నిటికన్నా పైన వచ్చిన జవాబు చదవడం రాదనో, అంకెలు అర్థం కావనో కాదు. రోగి సేవలో పద్ధతి మార్చే అధికారం నాకు లేదు అని. దాని వెనకే, డ్యూటీలో కొత్తది చెయ్యడానికి టైము లేదు అని. అమెరికా నర్సులకే ఇలా ఉంటే అనుకుని నేను ఆ వ్యాసం చదివినప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. స్పిరిట్ సీసా అప్పటికి మానేశాను, నిజమే. కానీ నా పక్క వార్డు హెడ్ నర్సుకి ఆ మాట చెప్పడానికి నాకే ధైర్యం చాలలేదు. ఆవిడ నాకన్నా పన్నెండేళ్లు సీనియరు.

మన వార్డులో మాట పైనుంచి కిందికి దిగుతుంది. ప్రొఫెసర్ నుంచి అసిస్టెంటుకి, అక్కణ్ణించి పీజీకి, పీజీ నుంచి హౌస్ సర్జన్‌కి, హౌస్ సర్జన్ కేస్ షీట్‌లో రాస్తే సిస్టర్‌కి. కింది నుంచి పైకి ఎక్కేది ఒక్కటే, "సార్, పేషెంట్ బ్యాడ్‌గా ఉన్నాడు" అన్న కబురు. ఆడపిల్లలు ఎక్కువగా ఉండే వృత్తి, పల్లెల నుంచి, బీద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా ఉండే వృత్తి. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్చుకుని వచ్చినవాళ్లని, ఇక్కడ వైట్ డ్రెస్సు వేసి, సీనియర్ వస్తే లేచి నిలబడమని ఇంకో మూడు నాలుగేళ్లు నేర్పుతాం. ఆ తర్వాత పరీక్షలో క్రిటికల్ థింకింగ్ గురించి రాయమంటాం.

2018లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం కూడా చెప్పాలి. బెర్నడెట్ మెల్నిక్ నాయకత్వంలో 19 ఆసుపత్రుల్లో రెండు వేల మూడు వందలమందికి పైగా నర్సులని, ఆధారాలని వెతకడం, తూచడం, వాడడం లాంటి 24 నేర్పుల్లో ఎక్కడున్నారో వాళ్లనే చెప్పమన్నారు. ఎక్కువమంది తమకి సామర్థ్యం లేదనే అన్నారు. చదువు ఎక్కువున్నవాళ్లు, వయసులో చిన్నవాళ్లు కాస్త మెరుగు. కానీ పక్కన మార్గం చూపే మనిషి ఉన్నచోట నేర్పు గట్టిగా కనిపించింది. మా భాషలో ఆ మనిషిని ఇన్‌ఛార్జి సిస్టర్ అంటాం. కొత్తగా చేరిన పిల్ల కాలేజీలో ఏం నేర్చుకున్నా, మొదటి ఆర్నెల్లలో ఆ ఇన్‌ఛార్జి చెయ్యి ఎలా కదిలితే ఈమె చెయ్యి అలాగే కదులుతుంది.

ఇక టైము. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. నేను పనిచేసిన రోజుల్లో నైట్ డ్యూటీలో నలభై మంచాలకి ఇద్దరం ఉన్న రాత్రి మాకు పండగ. మంచాల కింద చాపల మీద ఉన్నవాళ్లు ఆ లెక్కలో లేరు. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడేకొద్దీ, ఆపరేషన్ అయిన రోగులు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతున్నట్టు కనిపించింది. ఆ లెక్క నలుగురి దగ్గర మొదలై ఎనిమిదిమంది దగ్గర ఆగింది. నలభైమందికి లెక్క కట్టడం వాళ్లకి తట్టి ఉండదు.

ఇక్కడ జెనీవా కథ ఒకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. చేతులు కడుక్కోవాలన్న సంగతి తెలియని నర్సు ప్రపంచంలో ఉండదు. అయినా జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డిడియర్ పిట్టే అనే వైద్యుడి బృందం గమనిస్తే, కడుక్కోవాల్సిన సందర్భాల్లో సగం కూడా కడుక్కోవడం లేదు, 48 శాతమే. పైగా పని ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతోంది. సింకు దాకా నడిచి, సబ్బుతో కడిగి, తుడుచుకుని రావడానికి నిమిషం, నిమిషంన్నర. పక్కన రోగి మూలుగుతుంటాడు. పిట్టే వాళ్లకి క్లాసులు పీకి ఊరుకోలేదు. మంచం పక్కనే స్పిరిట్ ద్రావణం సీసాలు పెట్టించాడు, ఇరవై ముప్ఫై సెకన్లలో రుద్దుకుంటే చాలు. ఆసుపత్రి అంతా పోస్టర్లు, పైవాళ్ల అండ. 1994 నుంచి 1997 లోపు 48 శాతం కాస్తా 66 అయింది. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 1998 నాటికి 16.9 శాతం నుంచి 9.9కి దిగాయి. ఈ ఫలితాలు 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. నర్సులకి జ్ఞానం అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. వాళ్ల చేతికి అందే దూరంలోకి వచ్చింది సీసా ఒక్కటే. రోగి నడుము మీద పనికిరాదని నేను వదిలేసిన స్పిరిట్, సరైన చోట ఇన్ని ప్రాణాలు కాపాడింది చూడండి.

అదే జెనీవా నుంచి ఇంకో పాఠం వచ్చింది. చేతికి పెట్టే సెలైన్ సూది, అదే క్యాన్యులా, మూడు నాలుగు రోజులకోసారి మార్చాలని మాకు నియమం. బాగానే పనిచేస్తున్నా తీసి ఇంకోచోట గుచ్చాలి. క్లెయిర్ రికార్డ్ అని ఆస్ట్రేలియాలో ఒక నర్సు, పరిశోధకురాలు. క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 3,283 మంది రోగులతో పరీక్ష నడిపారు. సగంమందికి రోజులు లెక్కపెట్టి మార్చారు, మిగతావాళ్లకి వాపు, నొప్పి లాంటి అవసరం వస్తేనే మార్చారు. 2012లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల్లోనూ నరం వాచినవాళ్లు 7 శాతమే. అనవసరంగా గుచ్చడం మానొచ్చు అని చాలా ఆసుపత్రులు పద్ధతి మార్చుకున్నాయి. జెనీవా కూడా మార్చింది. తర్వాత 4 లక్షలకు పైగా క్యాన్యులాల లెక్క తీసి చూస్తే, అవసరమైతేనే మార్చిన కాలంలో రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి. పాత పద్ధతికి వెనక్కి వెళ్లారు. 2021లో ఆ సంగతి అచ్చయింది.

ఇది విని, చూశారా, ఈ పరిశోధనలు ఇవాళ ఒకటి చెబుతాయి రేపు ఇంకొకటి చెబుతాయి అని మీరు అనొచ్చు. నేను ఇంకోలా చదువుకున్నాను. అవసరమైతే మార్చు అన్నప్పుడు, అవసరం వచ్చిందా లేదా అని ప్రతి షిఫ్టులో ఆ చేతిని విప్పి చూసే మనిషి ఉండాలి. పరీక్ష జరుగుతున్నప్పుడు చూసే కళ్లు ఎక్కువ, మామూలు రోజుల్లో అన్ని కళ్లు దొరకవు. నలభై మంచాల వార్డులో అవసరమైతే అన్న మాటకి అర్థం ఎవరికైనా గుర్తున్నప్పుడు అని. కాబట్టి వ్యాసం చదివిన నర్సు తన వార్డు వైపు కూడా ఓసారి చూసుకోవాలి. 1996లో డేవిడ్ సాకెట్ బృందం ఈ విధానం గురించి రాసినప్పుడు, మంచి ఆధారం ఒక్కటే చాలదు, దాని పక్కన వైద్యుడి అనుభవం, రోగి కోరిక కూడా ఉండాలి అని చెప్పింది. నర్సు విషయంలో నేను ఇంకోటి చేరుస్తాను, ఆ రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు అనేది.

మే 12 వస్తే మా కాలేజీల్లో దీపాలు వెలిగించి ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద ప్రతిజ్ఞ చేస్తాం. 1854లో స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లి, తిరిగొచ్చాక 1858లో ఆమె గీసిన చిత్రపటాల ఊసు మటుకు రాదు. సైనికులు గాయాల కన్నా రోగాలతోనే ఎక్కువ చనిపోతున్నారని రంగుల వలయాలతో చూపి అధికారుల నోరు మూయించింది. లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమె. మనం దీపం పట్టుకుని లెక్కల పుస్తకం వదిలేశాం.

మన దగ్గర జరిగిన ఒక మంచి ప్రయత్నం కూడా చెబుతాను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి 100 కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, అంటే సగానికి పైగా కోతే. ఈ లెక్కలు రావడానికి ముందే, 2017లో, కరీంనగర్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల స్టాఫ్ నర్సులని ముప్పైమందిని తీసుకుని, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సాయంతో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే మంత్రసాని పనిలో శిక్షణ, మొదలుపెట్టారు. వీళ్లంతా అప్పటికే కాన్పులు చేసినవాళ్లు. నొప్పులు పడుతున్న తల్లిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టడం, ముందుగా షేవింగ్, ఎనీమా, మామూలు కాన్పులోనూ బిడ్డ వచ్చే దారిలో కోత పెట్టడం, వెంట వచ్చిన తల్లినీ అక్కనీ బయట వరండాలో నిలబెట్టడం, ఇదంతా మేం నేర్చుకున్న లేబర్ రూమ్. అందరికీ షేవింగ్, ఎనీమా, కోత అనవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడవనివ్వాలి, మంచినీళ్లు తాగనివ్వాలి, తనకి నచ్చిన భంగిమలో కాన్పు కానివ్వాలి, తోడు మనిషిని పక్కన ఉంచాలి అని కూడా.

ఈ సంగతులు ఒక సాయంత్రం పాఠంగా చెప్పేయొచ్చు. అక్కడ నెలలకి నెలలు, పక్కన అనుభవమున్న మంత్రసాని నిలబడి చేయించారు. చేసినవాళ్లకి, మామూలు కాన్పుని నువ్వే చూసుకో అన్న అధికారం ఇవ్వాలన్న ఉద్దేశంతో చేశారు. 2018లో కేంద్రం కూడా దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మంత్రసాని అన్న మాటని పాతకాలపు మాట అని మేం పక్కకి నెట్టేశాం. నొప్పులు పడే మనిషిని గొంతుక్కూర్చోబెట్టి పట్టుకునే తెలివి ఆ పాతావిడ చేతిలో ఉండేది. ఆవిడ చేసినవన్నీ మంచివి కావు, బొడ్డు మీద బూడిద రాసింది కూడా ఆవిడే. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని జల్లెడపట్టే పని మేం చెయ్యలేదు, మొత్తం గంపతో పారబోశాం.

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంకో రకం ఇబ్బంది. అక్కడ గోడ నిండా లామినేషన్ చేసిన ప్రోటోకాల్ చార్టులు ఉంటాయి, అక్రెడిటేషన్ వాళ్లు వచ్చినప్పుడు తళతళలాడతాయి. కానీ రెండేళ్లు చేసి చెయ్యి తిరిగిన పిల్ల గల్ఫుకో, బ్రిటన్‌కో వెళ్లిపోతుంది. ఆ చార్టు చదివి వినిపించే మనిషే మారిపోతుంటే చార్టు గోడకి అందం. బ్రిటన్ వెళ్లే పిల్లలకి అక్కడ ఒక ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. దానికి తయారవుతున్న పిల్ల ఒకతె ఫోన్ చేసి, "మేడమ్, వీళ్లు ప్రతి స్టెప్పుకీ ఎందుకు అని అడుగుతున్నారు, మన కేర్‌ప్లాన్‌లో ఐదో గడి లాగా" అంది. ఆ గడికి నేను పెట్టిన టిక్కులన్నీ గుర్తొచ్చాయి.

రిటైరయ్యాక కిందటేడు మా బంధువు ఒకాయన్ని చూడటానికి ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఆ వార్డు ఇన్‌ఛార్జి నా దగ్గరికి వచ్చి, "గుర్తుపట్టారా మేడమ్, స్పిరిట్ పిల్లని" అంది. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది. మంచాల దగ్గర గోడకి గడియారం బొమ్మలు అంటించి ఉన్నాయి, రెండు గంటలకి కుడి, నాలుగింటికి వెల్లకిలా, ఆరింటికి ఎడమ అని తెలుగులో. రోగి వెంట వచ్చినవాళ్లకి కూడా అర్థమయ్యేలా. రాత్రిళ్లు ఇద్దరమే మేడమ్, తిప్పేది మేం కాదు, వాళ్లే, మేం నేర్పుతాం అంది.

మాట్లాడుతూనే ఒక మంచం దగ్గర ఆగింది. ముసలావిడ మడమల కింద, నీళ్లు నింపి ముడేసిన రబ్బరు గ్లవ్సులు రెండు ఉన్నాయి. మా కాలంలో మేం నేర్పిన చిట్కాయే, దానివల్ల ఒత్తిడి ఏమీ తగ్గదని తర్వాత తెలిసింది. "ఎవరు పెట్టారు ఇవి?" అంది. "ఎదురు మంచం వాళ్లు చెప్పారమ్మా, పుండ్లు పడవంట" అంది కోడలు.

"ఇటు రా అమ్మా, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు" అని ఆ కోడలి చేతిని గ్లవ్సుకీ మడమకీ మధ్య పెట్టించింది. "బరువు తెలుస్తోందా? అదింకా అక్కడే ఉంది చూశావా?" దిండు తీసుకుని పిక్కల కింద పొడుగ్గా పెట్టి, మడమలు గాలిలో తేలేలా చేసి, మళ్లీ చెయ్యి పెట్టమంది. పక్కన నిలబడ్డ స్టూడెంటు పిల్ల నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంటోంది. "దిండు మోకాలి కింద ఎందుకు పెట్టలేదు మేడమ్?" అని అడిగింది ఆ పిల్ల.

ఇన్‌ఛార్జి నా వైపు చూసి నవ్వి, ఆ పిల్లకి చెప్పడం మొదలుపెట్టింది. డ్యూటీ మారే టైమైంది, రెండో షిఫ్టు వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఆగారు.